విశ్రాంతి వెనుకనున్న విజ్ఞానము

పని చేసిన దేహమునకు విశ్రాంతి కావలయునని అందరకును తెలియును. కాని విశ్రాంతికై వేల రూపాయలు వెచ్చించి దూరప్రాంతములకు పోయిన వారందరును విశ్రాంతి పొంది తిరిగి వచ్చుట లేదు. కొందరు పోయిన దానికంటె ఎక్కువ అలసి వత్తురు. మరికొందరు ఇంటి యరుగుపై అరగంటసేపు కూర్చుండి, క్రొత్త ప్రాణము వచ్చినట్లు లేచెదరు. ఈ భేదమునకు కారణమేమి? విశ్రాంతి డబ్బుతో కొనదగిన వస్తువా? లేక వెలుతురు, శబ్దము, ఉష్ణము మొదలగు కారణములపై ఆధారపడిన ఒక శరీరస్థితియా? సంపన్నుల కొరకు ఏర్పడిన రిసార్టులను, విలాసవంతములైన హోటళ్లను శాస్త్రదృష్టితో పరిశీలించినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఇందుకు హైదరాబాదులోనే చక్కని ఉదాహరణము కలదు. చార్మినారుకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున ఒక గుట్టపై ఫలక్‌నుమా మేడ యున్నది. పైగా వంశమునకు చెందిన నవాబు వికారుల్ ఉమ్రా దీని నిర్మాణమును 1884లో ఆరంభించెను. పూర్తి యగుటకు సుమారు 9 సంవత్సరములు పట్టెను. తరువాత ఇది ఆరవ నిజామైన మహబూబ్ అలీ ఖాన్ వశమై, రాజ్యమునకు వచ్చు గొప్ప అతిథులకు విడిదిగా ఉపయోగపడెను. సంస్థానము పోయిన పిమ్మట బహుకాలము మూతపడి యుండి, సుదీర్ఘమైన మరమ్మతుల తరువాత 2010 నవంబరులో తాజ్ సంస్థవారి హోటలుగా తెరువబడినది.

ఈ మేడను చూడబోయిన వారు దీపవృక్షములను గూర్చియు, ఒక్కసారి 101 మంది కూర్చుండి భుజింపదగిన బల్లను గూర్చియు చెప్పుకొందురు. శాస్త్రజ్ఞుడు గమనింపదగిన విషయములు వేరు. ఆవరణ సుమారు 32 ఎకరములు. గదులు 60 మాత్రమే. అనగా ఎకరమునకు రెండు గదులు కూడ లేవు. మేడ గుట్టపై నుండుటచే నగరపు వీధులు దూరముగా, దిగువగా ఉండిపోయినవి. అతిథులు క్రింది ద్వారము వద్ద మోటారు వాహనము దిగి, గుర్రపు బండిలో మెల్లగా పైకి పోవుదురు. దూరము, ఎత్తు, ఖాళీ స్థలము, నెమ్మదితనము: ఈ నాలుగును అలసిన నాడులపై పనిచేయును. అది ఎట్లో తెలిసికొనుటకు ముందు, విశ్రాంతి యనగా నేమో తెలిసికొనవలెను.

విశ్రాంతి యనగా నేమి?

గుండె, ఊపిరితిత్తులు, జీర్ణకోశము మన యాజ్ఞకై వేచియుండక తమంతట తామే పనిచేయుచుండును. వీనిని నడపు నాడులు రెండు విధములు. అపాయము గాని, తొందర గాని కలిగినపుడు విజృంభించునవి సహానుభూత నాడులు. ఇవి గుండె వేగమును పెంచును, కంటిపాపను విప్పార్చును, జీర్ణక్రియను తగ్గించును. అట్టి సమయమున అధివృక్క గ్రంథుల నుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు రక్తములో చేరును. రెండవవి పరసహానుభూత నాడులు. ఇవి గుండెను నెమ్మదింపజేసి, ఆహారము జీర్ణమగుటకును, దేహము తన్ను తాను బాగుచేసికొనుటకును తోడ్పడును. మొదటివి ఎద్దును తరుము ములుకోల వంటివి. రెండవవి దానిని నిలువరించు పగ్గము వంటివి. ఆరోగ్యమునకు రెండును కావలయును.

అడవిలో పులి ఎదురైనపుడు ఈ యేర్పాటు మనుష్యుని ప్రాణము కాపాడినది. పులి తొలగిపోయిన వెనుక నాడులు శాంతించెడివి. కాని నేటి నగరవాసిని వెన్నాడు చిన్న చిన్న పులులు తొలగిపోవునవి కావు. మోటారు హారను, పరీక్ష తేది, తీర్చవలసిన అప్పు, జేబులో మ్రోగు ఫోను, ఇవి ఒకటి పోక మునుపే మరియొకటి వచ్చుచుండును. అందుచే ములుకోల దిగక, నాడులు రాత్రింబవళ్లు మేలుకొనియే యుండును. కుర్చీలో వెనుకకు వ్రాలి, పని మాని కూర్చున్న వానికి కూడ విశ్రాంతి కలుగకుండుటకు కారణమిదియే. హెచ్చరికలు ఆగినపుడే దేహము విశ్రమించును. మంచి విశ్రాంతి నిలయము చేయు పని యంతయు ఈ హెచ్చరికలను ఒక్కొక్కటిగా తొలగించుటయే. అలంకారములు ఆ తరువాతి మాట.

శబ్దమునకు దూరము

కంటికి రెప్ప యున్నది, చెవికి లేదు. నిద్రలో కూడ చెవి పని మానదు. రాత్రివేళ వీధిలో లారీ పోయినపుడు మనము మేలుకొనకపోయినను, గుండె వేగము క్షణకాలము పెరుగుటయు, నిద్ర లోతు తగ్గుటయు పరికరములలో కనబడుచున్నవి. ఉదయమున లేచినవానికి ఆ లారీ సంగతి జ్ఞాపకముండదు; బడలిక మాత్రము మిగులును.

ధ్వని స్థాయిని డెసిబెల్స్‌లో కొలుతురు. ఈ కొలమానము సంవర్గమానములపై ఆధారపడినది. 10 డెసిబెల్స్ పెరిగినచో ధ్వని తీవ్రత 10 రెట్లగును. 20 పెరిగినచో 100 రెట్లగును. భారతదేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను హద్దుగా నిర్ణయించినవి. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల వరకు ఏర్పరుపదగిన నిశ్శబ్ద మండలములలో ఆ హద్దులు 50, 40. పడకగదిలో ఎడతెగక వినవచ్చు ధ్వని 30 డెసిబెల్స్‌కు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించినది.

ఒకచోట నుండి వెలువడు ధ్వని దూరము రెట్టింపైనచో నాలుగవ వంతు తీవ్రతకు దిగును. డెసిబెల్స్‌లో చెప్పినచో ఈ తగ్గుదల సుమారు 6. ఒక మీటరు దూరమున 90 డెసిబెల్స్‌గా నున్న హారను 2 మీటర్ల వద్ద 84, 4 మీటర్ల వద్ద 78, 8 వద్ద 72, 16 వద్ద 66, 32 వద్ద 60, 64 వద్ద 54 డెసిబెల్స్‌గా వినబడును. కాని బండ్లు ఎడతెగక పారు రహదారి ఒక బిందువు కాదు. అది పొడవైన గీత వంటిది. అట్టిచోట దూరము రెట్టింపైనను తగ్గుదల సుమారు 3 డెసిబెల్స్ మాత్రమే. 10 మీటర్ల వద్ద 75 డెసిబెల్స్ గల రహదారి 80 మీటర్ల వద్ద కూడ 66గా ఉండును. రహదారి నుండి తప్పించుకొనుటకు చాల నేల కావలయునని దీనివలన తెలియుచున్నది. విలాసవంతములైన రిసార్టులు పదుల ఎకరములలో కొద్ది గదులను కట్టుకొనుటలోని రహస్యమిది. అతిథి చెల్లించు సొమ్ములో ఒక భాగము ఈ ఖాళీ నేలకు వెలయే.

నేల చాలని చోట మందమైన గోడ కట్టుదురు. గదిలో తివాచీలు పరచి, బరువైన తెరలు వ్రేలాడదీయుదురు. గోడ బయటి ధ్వనిని ఆపును. తివాచీలు, తెరలు లోపలి ప్రతిధ్వనిని పీల్చుకొనును. ఒక వరుస చెట్లు నాటిన శబ్దము ఆగునని పలువురు తలంతురు. పలుచని చెట్లవరుస కంటికి రహదారిని మరుగుచేయును గాని చెవికి అంతగా మరుగు చేయదు. తోటలోని నీటి ధార మరియొక ఉపాయము. దాని సమమైన సవ్వడిలో దూరపు హారనులు, మాటలు కలిసిపోయి, విడిగా వినబడవు. ఉన్నట్టుండి వచ్చు ధ్వనియే నాడులను ఎక్కువగా ఉలికించును. ఒకే తీరున సాగు మెత్తని ధ్వనికి అవి త్వరలోనే అలవాటు పడును.

చల్లదనము

వేసవిలో కొండలపైకి పోవుట పాత అలవాటు. మదనపల్లెకు సమీపమున 1,200 మీటర్లకు మించిన ఎత్తున హార్స్లీ కొండ యున్నది. స్థానికులు దీనిని ఏనుగు మల్లమ్మ కొండ యందురు. 19వ శతాబ్దిలో కడప కలెక్టరైన డబ్ల్యు. డి. హార్స్లీ అచ్చట వేసవి నివాసము ఏర్పరచుకొనుటచే ఆ పేరు వచ్చినది. పైకి పోయిన కొలది గాలి పీడనము తగ్గును. అట్లు పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడును. సగటున ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గును. కొండ పాదమునకు 500 మీటర్లు పైన నిలిచిన వానికి 3 డిగ్రీలకు మించిన చల్లదనము ఖర్చు లేకయే లభించుచున్నది.

కొండ లేనిచోట పూర్వులు గోడను ఆశ్రయించిరి. మందమైన రాతిగోడ పగటి వేడిని మెల్లమెల్లగా పీల్చుకొనును. ఆ వేడి లోపలి ముఖమునకు చేరునప్పటికి కొన్ని గంటలు గడచి, బయట చల్లబడియుండును. ఎత్తైన పైకప్పు వేడిగాలిని మనుష్యులకు పైన నిలుపును. ఫలక్‌నుమా కాలపు మేడలన్నిటిలోను ఈ సూత్రములే కనబడును.

పల్లెలలో వేసవి రాత్రి ఆరుబయట నులకమంచము వేసికొని పండుకొనువారు కూడ ఈ భౌతికశాస్త్రమునే ఉపయోగించుచున్నారు. నులక సందుల గుండ గాలి క్రిందినుండి కూడ తగులును. చెమట ఆవిరియగునపుడు ప్రతి గ్రాము నీరును దేహము నుండి సుమారు 580 కెలోరీల గుప్తోష్ణమును గ్రహించును. పైన కప్పులేని ఆకాశమునకు దేహము వేడిని వికిరణ రూపమున వెడలగ్రక్కును. పరుపుపై పరుండినవానికి ఈ లాభములలో సగము పోవును.

వెలుతురు, స్నానము, నిద్ర

మెదడులో ఒక గడియారము కలదు. దానికి కీలు ఇచ్చునది సూర్యరశ్మి. రెటీనాలోని కొన్ని ప్రత్యేక కణములు, ముఖ్యముగా నీలికాంతిని గ్రహించి, పగలు జరుగుచున్నదని ఆ గడియారమునకు తెలుపును. ఇట్టి కణములు వెలుగునకు స్పందించునని 2002లో రుజువైనది. చీకటి పడిన తరువాత మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును విడుదల చేయును. అది దేహమునకు రాత్రియైనదని చాటును. పండుకొనుటకు ముందు మామూలు గది దీపముల వెలుతురులో నున్నవారిని, మసక వెలుతురులో నున్నవారిని పోల్చి 2011లో ప్రకటించిన పరిశోధనలో, దీపముల వెలుతురు మెలటోనిన్ వ్యవధిని సుమారు 90 నిమిషములు తగ్గించినట్లు తేలినది. ఆ వెలుతురు 200 లక్సులకు లోపుదే. మన ఇండ్లలోని దానివంటిదే.

మంచి హోటళ్లలో సాయంకాలము పెద్ద దీపములు ఆర్పి, క్రిందుగా నుండు పసుపుపచ్చని చిన్న దీపములను వెలిగించుటకును, కిటికీలకు రెండు పొరల తెరలు కట్టుటకును ఇది సరియైన కారణము. ఉదయమున అల్పాహారమును ఆరుబయట వడ్డించుటయు మేలే. ఉదయపు ఎండ ఆ రాత్రి నిద్రకు వేళను సరిచేయును.

వెచ్చని స్నానము సంగతి మరింత ఆసక్తికరము. మనకు తలంటు క్రొత్తది కాదు. తలంటి పోసికొన్న తరువాత కునుకు పట్టుట అందరి అనుభవము. వెచ్చని నీటిచే చేతులు, కాళ్లలోని చర్మపు రక్తనాళములు వ్యాకోచించును. స్నానమైన వెనుక లోపలి వేడి వాని గుండ బయటకు పోవును. దేహపు లోపలి ఉష్ణోగ్రత తగ్గుటయే నిద్రకు సంకేతము. 40 మొదలు 42.5 డిగ్రీల వరకు వెచ్చదనము గల నీటితో, పండుకొనుటకు ఒకటి రెండు గంటల ముందు స్నానము చేసినవారికి నిద్ర త్వరగా పట్టుచున్నదని అనేక పరిశోధనలను కలిపి చూచిన 2019 నాటి సమీక్ష తెలిపినది. రిసార్టులోని పాలరాతి తొట్టియైనను, ఇంటిలోని రాగి కాగు అయినను ఇందులో భేదము లేదు.

ఎంత చక్కని గదియైనను క్రొత్తచోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టదు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమున మసాకో టమాకి, యూకా ససాకి మొదలగువారు 2016లో దీనికి కారణమును చూపిరి. మొదటి రాత్రి గాఢనిద్రలో మెదడు రెండు సగములును సమానముగా నిద్రింపవు. ఎడమ సగము కొంత కావలి కాయుచు, క్రొత్త చప్పుళ్లకు త్వరగా స్పందించును. రెండవ రాత్రికి ఈ భేదము తగ్గిపోవును. ఒక్క రాత్రి విడిదికై దూరము పోయి వచ్చువారు అలసటతో తిరిగి వచ్చుటకు ఇది ఒక కారణము.

పచ్చదనము

రిసార్టులు గదుల కిటికీలను తోటవైపున గాని, నీటివైపున గాని తెరుతురు. ఇది అందము కొరకే యని తలంపరాదు. రోజర్ అల్‌రిచ్ అను పరిశోధకుడు 1984లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రసిద్ధమైనది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రోగుల వివరములను ఆయన పరిశీలించెను. వారిలో 23 మంది గదుల కిటికీలనుండి చెట్లు కనబడెడివి. తక్కిన 23 మందికి ఇటుక గోడ కనబడెడిది. చెట్లను చూచినవారు సగటున 7.96 దినములలోను, గోడను చూచినవారు 8.70 దినములలోను ఇండ్లకు పోయిరి. మొదటివారికి తీవ్రమైన నొప్పిమందుల అవసరము కూడ తక్కువగా నుండెను.

విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి ప్రయోగమును 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయమున మార్క్ బెర్మన్, జాన్ జోనిడెస్, స్టీఫెన్ కాప్లన్ ప్రకటించిరి. విద్యార్థులు ఒకమారు వృక్షోద్యానములోను, మరియొకమారు రద్దీగా నుండు పట్టణపు వీధిలోను సుమారు 50 నిమిషములు నడచిరి. నడకకు ముందును, తరువాతను అంకెలను విని వెనుకనుండి ముందుకు తిరిగి చెప్పు పరీక్ష జరిగినది. చెట్లలో నడచిన తరువాత వారి శక్తి మెరుగుపడినది. వీధిలో నడచిన తరువాత అంత మెరుగుదల కనబడలేదు.

దీనికి కాప్లన్ చెప్పిన వివరణ సులభము. చదువునపుడు గాని, రద్దీ వీధి దాటునపుడు గాని మనము శ్రద్ధను బలవంతముగా ఒకచోట నిలుపుదుము. అట్టి శ్రద్ధ వాడిన కొలది అలయును. ఆకుల కదలిక, మబ్బుల నడక, నీటిపై వెలుగు మనస్సును మెల్లగా ఆకర్షించును గాని ఏమియు కోరవు. అంతసేపు బలవంతపు శ్రద్ధకు సెలవు దొరకును.

మనస్సునకు సెలవు

నిశ్శబ్దము, చల్లదనము, చీకటి, పచ్చదనము అన్నియు కుదిరినను, పని మనస్సులో నుండి దిగనివానికి విశ్రాంతి లేదు. సాబినె సోనెన్‌టాగ్, షార్లొట్ ఫ్రిట్జ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2007లో విశ్రాంతికి నాలుగు అంగములను చెప్పిరి. మొదటిది పనినుండి మనస్సు విడివడుట. రెండవది దేహము సడలుట. మూడవది ఈత, చిత్రలేఖనము వంటి ఒక క్రొత్త విద్యను అభ్యసించి తృప్తి పొందుట. నాలుగవది తన కాలము తన చేతిలో నుండుట.

మంచి రిసార్టు వీనికి ఏర్పాట్లు చేయును. వంట, కొనుగోలు, బిల్లులు, ప్రయాణపు బండి, వీనిని గూర్చి అతిథి ఆలోచింపనవసరము లేకుండ ఇతరులు చూచుకొందురు. నిర్ణయములు తగ్గిన కొలది మనస్సు తేలికపడును. కాని గంటకొక కార్యక్రమము చొప్పున పట్టిక వేసి అతిథిని పరుగెత్తించు రిసార్టు నాలుగవ అంగమును చెరచుచున్నది. ఆఫీసు సందేశములను చూచుకొనుచు ఈతకొలను ప్రక్క కూర్చున్న అతిథి మొదటి అంగమును తానే పోగొట్టుకొనుచున్నాడు.

నెదర్లాండ్సు దేశమున 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనము ఇచ్చట గమనింపదగినది. విహారయాత్రకు పోయివచ్చిన వారిలో చాలమందికి, ఇంటిలోనే యుండిపోయిన వారికి, తరువాతి సంతోషములో భేదము కనబడలేదు. తమ యాత్ర మిక్కిలి ప్రశాంతముగా గడచినదని చెప్పినవారిలో మాత్రమే భేదము కనబడినది. అదియు కొలది వారములలో అడుగంటినది. మరియొక పరిశోధనలో, దీర్ఘమైన సెలవు తీసికొన్న ఉద్యోగుల ఆరోగ్యము సెలవులో సుమారు 8వ దినమున ఉన్నత స్థాయి నందుకొని, పనిలో తిరిగి చేరిన మొదటి వారములోనే పూర్వస్థితికి వచ్చినది. ఇందువలన ఒక సంగతి స్పష్టము. విశ్రాంతి నీటివలె నిలువచేయదగినది కాదు. సంవత్సరమునకు ఒకమారు కడవ నింపుకొనుటకంటె ప్రతిదినము దోసెడు త్రాగుట మేలు.

అతిథి నిద్రించునపుడు మేలుకొనువారు

ఒకని విశ్రాంతిని తయారుచేయుటకు అనేకులు శ్రమింపవలెను. రాత్రి ద్వారము వద్ద కావలివాడు, తెల్లవారకముందే వంటశాలలో నిలుచువాడు, దినమునకు ఎన్నో పరుపులు ఎత్తి దుప్పట్లు మార్చు స్త్రీ, వీరి దేహములలో కూడ అవే నాడులు, అదే గడియారము కలవు. మెదడులోని గడియారమునకు విరుద్ధముగా రాత్రిపూట పనిచేయుటను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో క్యాన్సరుకు కారణము కాదగినదిగా వర్గీకరించి, 2019లో ఆ నిర్ణయమునే మరల స్థిరపరచినది. రాత్రి, పగటి పనివేళలను త్వరత్వరగా మార్చకుండుట, పగలు నిద్రించుటకు చీకటిగది నిచ్చుట, వారపు సెలవును తప్పక యిచ్చుట అట్టివారి హాని తగ్గించు మార్గములు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవ హక్కులలో 24వ అధికరణము విశ్రాంతిని, జీతముతో కూడిన సెలవులను ప్రతి మనుష్యుని హక్కుగా పేర్కొన్నది. అతిథికిని పనివానికిని అందులో భేదము చెప్పబడలేదు.

లాలాపేట నుండి తార్నాక వరకు

ఇంతవరకు చెప్పిన వానిలో బంగారముతో చేయవలసినది ఒక్కటియు లేదు. ఖరీదైనది నేల యొక్కటే. నగరములో అంత నేల ఒక కుటుంబమునకు సాధ్యము కాదు. కాని సమాజమునకు సాధ్యమే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇందుకు సాక్ష్యము. లాలాపేట, తార్నాకలను ఆనుకొని విస్తరించిన దాని ఆవరణలో చెట్లు, బాటలు, విశాలమైన మైదానములు కలవు. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల రాతి గోడలు మందమైన గోడ యొక్క గుణమును నేటికిని చూపుచున్నవి. తార్నాక కూడలిలో బస్సులు, లారీలు, 2017 నుండి మెట్రో రైళ్లు ఎడతెగక తిరుగుచుండును. అచ్చటినుండి కొంతదూరము నడచి ఆవరణ లోపలికి పోయినచో ధ్వని తగ్గును, నీడ పెరుగును. ఫలక్‌నుమా గుట్ట అతిథికి ఇచ్చుచున్న నాలుగు వస్తువులలో దూరము, ఖాళీ స్థలము, నెమ్మదితనము ఇచ్చట వెల లేకయే లభించుచున్నవి. నగరములో మిగిలిన ఇట్టి ఆవరణలను కాపాడుకొనుట ప్రజారోగ్యమునకు సంబంధించిన విషయమనుటకు కారణమిదియే.

దీనిని ఉన్నత పాఠశాల విద్యార్థులు ప్రయోగముచే స్వయముగా పరీక్షింపవచ్చును. తార్నాక ప్రాంతమున రహదారి ప్రక్క అపాయము లేని ఒక చోటును, ఆవరణలో లోపలగా నున్న ఒక చెట్టు నీడను ఎన్నుకొనవలెను. వేరొక ఊరివారు తమ బస్సు స్టాండును, చెరువు గట్టును తీసికొనవచ్చును. ప్రతి చోట 10 నిమిషములు ఊరకే కూర్చుండి, పిమ్మట పూర్తిగా ఒక నిమిషము నాడి లెక్కించవలెను. తరువాత ఉపాధ్యాయుడు 3 అంకెల వరుసతో ఆరంభించి 8 అంకెల వరకు చదువగా, విద్యార్థి వానిని వెనుకనుండి చెప్పవలెను. తప్పక చెప్పగలిగిన పెద్ద వరుసను వ్రాసికొనవలెను. ఉష్ణమాపకముతో నీడలోని ఉష్ణోగ్రతను, ఫోనులోని శబ్దమాపకముతో ధ్వనిని గుర్తింపవలెను. ఫోను చూపు అంకె ఖచ్చితము కాకపోయినను, రెండు చోట్లకు గల భేదమును తెలుపుటకు చాలును.

ఇందులో రెండు జాగ్రత్తలు అవసరము. అంకెలు చెప్పుట రెండవమారు అలవాటుచే సులభమగును. కావున తరగతిలో సగము మంది మొదట రహదారికిని, తక్కిన సగము మంది మొదట చెట్టు నీడకును పోవలెను. రెండుమార్లును వేరువేరు అంకెల వరుసలు వాడవలెను. ఒక్కరి ఫలితమును బట్టి ఏమియు చెప్పరాదు. 20 మందికి తక్కువ కాకుండ పరీక్షించి సగటు తీయవలెను. చెట్టు నీడలో నాడి తగ్గినచో, అది నిశ్శబ్దమువలననా, చల్లదనమువలననా, పచ్చదనమువలననా యని వేరుపరచుట ఎట్లో విద్యార్థులనే ఆలోచింపనీయవలెను. ఒక కారణమును మార్చి, తక్కినవానిని మార్చకుండ నిలుపుట ప్రయోగశాస్త్రమునకు ప్రాణము.

ఈ ప్రయోగఫలము పరీక్షల దినములలో ఎక్కువగా ఉపయోగపడును. 14 మొదలు 17 సంవత్సరముల వయస్సు వారికి రాత్రికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిద్రాశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. చదివినది మెదడులో కుదురుకొనుట ఆ నిద్రలోనే విశేషముగా జరుగును. సాయంకాలము ఒక గంట చెట్ల నడుమ నడక, పండుకొనుటకు ఒకటి రెండు గంటల ముందు వెచ్చని స్నానము, మసక దీపము, ప్రక్కగదిలో విడిచిన ఫోను, తెరచిన కిటికీ: ఇంతకు మించి ఏ రిసార్టును నాడులకు ఇచ్చునది లేదు. విద్యార్థికి ఈ గంటలు కాలహరణముగా తోచవచ్చును. మిషిగన్ విద్యార్థుల అంకెలు వేరు సంగతి చెప్పుచున్నవి. అలసిన శ్రద్ధతో మూడు గంటలు పుస్తకము ముందు కూర్చున్నవాడు చదువుచున్నది మూడు గంటలు కాదు.